కెరిస్ కత్తికి నలుపు

జావా ద్వీపమున కెరిస్ అనే బాకు వంశములో తాతనుండి మనుమనికి సంక్రమించే సొత్తు. పెండ్లికుమారుడు దానిని నడుము వెనుక దోపుకొంటాడు. దానిని పొందినవానిని యజమాని అనడము కంటె, తన వంతు కాలమునకు కాపరి అనడము అక్కడి భావనకు దగ్గర. అందుచేతనే ఏటికొకసారి, జావా సంవత్సరమున మొదటినెల అయిన సురోలో, ఆ కత్తికి స్నానము చేయించడము ఆచారమైనది. 2005లో యునెస్కో ఇండొనీషియా కెరిస్‌ను మానవజాతి అమూర్త వారసత్వముగా ప్రకటించినది. ఆనాటికే ఎన్నో ప్రాచీన కెరిస్‌లు సముద్రములు దాటి పరాయి యిండ్ల గోడలకెక్కినవి.

ఆ స్నానమును గూర్చి కొంత తెలియనిదే ప్రశ్న తెలియదు. కత్తిని కొబ్బరినీటిలో నానవేస్తారు. నిమ్మరసముతోను, లెరక్ కాయల నురుగుతోను తోముతారు. లెరక్ మన కుంకుడుకు దాయాదియే. తుప్పు వదలి ఇనుము తెల్లబడిన తరువాత, పాషాణమును నిమ్మరసమున కలిపి పట్టిస్తారు. ఇనుము నల్లబడుతుంది, నికెలు కలసిన పొరలు మాత్రము వెండివలె నిలుస్తాయి. ఈ నలుపు తెలుపుల అల్లికకే పామోర్ అని పేరు. ప్రంబనాన్ ప్రాంతమున పడిన ఉల్క యొక్క ఇనుము 18వ శతాబ్దాంతమున సురకర్త రాజప్రాసాదమునకు చేరినది. కొన్ని కత్తులలో తెల్లని గీత ఆకాశమునుండి వచ్చినదే.

ఇక పరాయియింటి సంగతి. ఒక గృహస్థుడు తుప్పుపట్టిన కెరిస్‌ను కొని తెచ్చి, వంటింటి బల్లమీద పరచి, తానే బాగుచేయ పూనుకొంటాడు. పాషాణము సులభముగా దొరకదు. దొరికితే మరీ ప్రమాదము: ఆ బల్లమీదనే మరునాడు పిల్లలు భోజనము చేస్తారు, వారిని ఎవరూ అడిగి ఉండరు. కనుక అతడు ఫెర్రిక్ క్లోరైడు తెస్తాడు. దానితో కూడ ఇనుము నల్లబడుతుంది. ఇది ఉద్ధరణమా, వేషమా?

ముట్టవద్దు, కాలము వేసిన ముద్రయే వస్తువు యొక్క చరిత్ర అని కొందరు అంటారు. కంచు విగ్రహము మీది పచ్చదనము విషయమున ఈ మాట చెల్లవచ్చును. కెరిస్ విషయమున చెల్లదు. కమ్మరి కోరినది తుప్పు కాదు, నలుపు. తుప్పును భద్రపరచడమంటే వీణకు తీగలు తీసివేసి, దానిపై దుమ్మును కాపాడడము వంటిది.

అయినను రెండవ పక్షమునకు కూడ ఒక చిక్కున్నది. ప్రతి స్నానమును కొంత ఇనుమును హరిస్తుంది. పాతకత్తుల అంచులు కొరికినట్లు పలచబడి ఉండడమునకు శత్రువులు కారణము కారు, భక్తులే కారణము. జావా కుటుంబము ఈ వెలను ఏటేటా కొద్దికొద్దిగా, తన సొత్తునుండియే చెల్లిస్తుంది. ఘాటైన ద్రావకమున రాత్రంతా నానవేసినవాడు, రాబోయే అనేక కాపరుల వంతును ఒక్క రాత్రిలో ఖర్చుచేస్తాడు. అతనికి కత్తిమీద ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రేమ ఉన్నదనే భయము.

మరొక సంగతి. ఏ ఆమ్లము పాతకత్తిని తేటపరుస్తుందో, అదే క్రొత్తకత్తిని కొరికి పాతదానిగా చూపుతుంది. వర్తకులలో కొందరికి ఈ విద్య తెలిసినదే. భేదము ఉద్దేశములో ఉన్నదని నీతిజ్ఞులు త్వరపడి తీర్పు చెప్పుతారు. కాని బాలి కత్తులు నునుపు, జావా కత్తులు గరుకు. ఈ భేదమెరుగని సాధుపురుషుడు బాలి కత్తిని జావా తీరున కొరికించి, కొంతకాలమునకు మరణిస్తాడు, కత్తి అమ్ముడుపోతుంది, కొన్నవాడు దాని పుట్టుకను తప్పుగా చదువుకొంటాడు. అక్కడ మోసము ఉన్నది, మోసగాడు లేడు. చేసిన పనిని ఒక చీటీమీద వ్రాసి ఒరతో కట్టి ఉంచి ఉంటే ఈ దోషము తొలగేది. ఆ చీటీ వ్రాసేవారు అరుదు, ఎందుకనగా వ్రాస్తే వెల తగ్గుతుంది.

ఆ రాత్రి గృహస్థుడు పని ముగించి కత్తిని కడిగి, తుడిచి, చందనతైలము రాస్తాడు. పామోర్ మెరుస్తుంది, ఇంటివారు చూచి సంతోషిస్తారు. తుప్పంటిన గుడ్డ చెత్తబుట్టలో పడుతుంది. ఆమ్లము కలిసిన నీరు ఇంకను బల్లమీదనే పాత్రలో ఉన్నది. దానిని ఎక్కడ పారబోయవలెనో అతనికి తోచదు.