గుణపరీక్ష

నూజివీటి తోటలలో కాయను చూచినంతనే ఇది చిన్నరసము, ఇది బంగినపల్లి యని రైతు చెప్పగలడు. అంటుకట్టిన చెట్టు తన జాతిని మార్చుకొనదు. మనుష్యుడును అట్టివాడేనా?

కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన గ్రంథము నాధారముగా గొని, బ్రిగ్స్, మయర్స్ అను తల్లీకూతుళ్లు మానవులను 16 రకములుగా విభజించు ప్రశ్నావళిని కూర్చిరి. కాని కొద్ది వారములకే మరల పరీక్షించినచో పెక్కుమందికి వేరొక రకము వచ్చుచున్నది.

ఇందులో వింత లేదు. సత్త్వరజస్తమస్సులలో ఒక్కొక్కటి తక్కిన రెండింటిని అణచి విజృంభించునని గీత పదునాలుగవ అధ్యాయము బోధించుచున్నది. ఉదయము శాంతుడైనవాడే సాయంకాలము కోపోద్రిక్తుడగును. కావున “నా స్వభావమింతే” యని ఆలుబిడ్డలపై చూపిన కోపమును సమర్థించుకొనుట తగదు. ఇట్టి ప్రశ్నలు తన్ను తాను చూచుకొను అద్దముగా ఉపకరించును; ఒరులపై ముద్రవేయుటకు గాదు. పదునేడవ అధ్యాయము చూపిన ఆహార యజ్ఞ తపో దానములే నిత్యపరీక్షలు. మామిడికి లేని మార్పు మనుష్యునకు గలదు, అదియే భగవదనుగ్రహము.