నిలబడి చూసినవాళ్లు

వియన్నా ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు చౌక. ముందున్న కమ్మీకి స్కార్ఫ్ కట్టేసి వెళ్తే ఆ చోటు మనదే, ఇంకెవరూ ఆక్రమించరు. ఆ సాయంత్రం నేనూ కట్టాను. ఆడుతున్నది బీథోవెన్ రాసిన ఒకే ఒక్క ఒపేరా, ‘ఫిడేలియో’. పొద్దుటినుంచీ ఊరు తిరిగి అప్పటికే కాళ్లు పీకుతున్నాయి.

పొద్దున మొదట చూసింది హెల్డెన్‌ప్లాట్జ్, అంటే వీరుల మైదానం. 1938 మార్చి 15న అక్కడి రాజభవనం మీంచే హిట్లర్ ఆస్ట్రియాని జర్మనీలో కలిపేసుకున్నట్టు ప్రకటించాడు. మైదానం నిండిన జనం జేజేలు కొట్టారు. అక్కణ్ణించి జూడెన్‌ప్లాట్జ్‌కి వెళ్లాను. నాజీలు చంపిన 65,000 మంది ఆస్ట్రియా యూదుల గుర్తుగా 2000లో అక్కడ ఒక కాంక్రీటు గ్రంథాలయం కట్టారు. పుస్తకాల వెన్నులన్నీ లోపలివైపుకే, ఒక్క పేరూ చదవలేం. తలుపులకి పిడులు లేవు.

మధ్యాహ్నం ఒపేరా వెనకే, అల్బెర్టీనా మ్యూజియం ముందు, కాసేపు కూలబడదామని చోటు వెతుకుతుంటే నేలబారుగా కంచు దిమ్మలాంటిది కనిపించింది. దగ్గరికెళ్తే అది మనిషి. మోకాళ్ల మీద వంగి బ్రష్షుతో వీధి కడుగుతున్న యూదుడు. 1938లో యూదుల చేత అలా వీధులు కడిగిస్తుంటే చుట్టూ జనం నిలబడి చూశారు. ఆ శిల్పం వీపు మీద ముళ్లతీగ ఉంది. నాలాంటి టూరిస్టులు బెంచీ అనుకుని కూర్చుంటున్నారని తర్వాత చేర్చారట.

రాత్రి ఒపేరా. అన్యాయంగా ఖైదైన భర్తని వెతుక్కుంటూ లియొనోరా మగవేషం వేసుకుని, ఫిడేలియో అన్న పేరుతో జైల్లో పనికి కుదురుతుంది. మొదటి అంకం చివర ఖైదీలని కాసేపు తోటలోకి వదులుతారు. వాళ్లు వెలుతురు చూసి, గట్టిగా పాడటానికి కూడా భయపడుతూ, గొంతు తగ్గించి పాడతారు. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన నిలబడ్డ పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడే ఒక ప్రశ్న పట్టుకుంది. ఫిడేలియో 1805లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. ఇంతకాలం ఈ ఖైదీల పాట విన్న ఊరు 1938లో అలా ఎలా నిలబడి చూసింది? నాజీల కాలంలోనూ ఫిడేలియో ఆడింది. సిగ్గుతో లేచిపోకుండా దాన్ని ఎలా వినగలిగారని థామస్ మన్ 1945లో నిలదీశాడు. బాంబులకి కాలిపోయిన ఈ ఒపేరాని మళ్లీ కట్టి 1955 నవంబరు 5న తెరిచినప్పుడు కూడా ఆడింది ఫిడేలియోనే. ఆ రాత్రి సంగీతం నడిపించిన కార్ల్ బోమ్, 1943లో నాజీల హయాంలో ఇదే ఒపేరాకి డైరెక్టరైనవాడు.

ఇది వాళ్ల జబ్బు అనుకుని ఊరుకోలేను. మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే, కాటిసీనులో జాషువా పద్యాలకి వన్స్‌మోర్లు పడేవి. మా తాతయ్య కండువాతో కళ్లొత్తుకునేవాడు. మర్నాడు నిజం కాటికాపరి వాకిట్లోకొస్తే, గింజలు దూరం నుంచే, తగలకుండా, పైనుంచి పోయించేవాడు. తాతయ్య కన్నీళ్లు దొంగవి కావు. నన్ను భయపెట్టేది అదే.

1758లో రూసో నాటకశాలల గురించి రాస్తూ ఇలాగే అనుమానపడ్డాడు. కల్పిత కష్టాలకి ఏడ్చేసి, సాటిమనుషులకి మనం పడ్డ బాకీ తీరిపోయిందనుకుంటామని ఆయన బాధ. అయితే ఏడవటం మానేయాలా? నాకలా అనిపించదు. ఏడవనివాడు మనకన్నా మంచివాడేం కాదు. తప్పల్లా కన్నీటిని జమ కింద రాసుకోవటంలో ఉంది. అది ప్రోనోటు మీద సంతకం లాంటిది. బాకీ ఉన్నానని ఒప్పుకోవటం, అంతే. తీర్చాల్సింది బయటికొచ్చాక.

రెండో అంకంలో లియొనోరా నేలమాళిగలో గొయ్యి తవ్వుతుంటుంది. గొలుసులతో పడున్న ఖైదీ మొహం సరిగ్గా కనిపించదు. భర్తో కాదో తెలియదు. తెలియకముందే, ఎవరైనా సరే విడిపించి తీరాలని నిర్ణయించుకుంటుంది. తాతయ్యకి మాత్రం కాటికాపరి వేషంలో ఉన్నది రాజని ముందే తెలుసు. అందుకే ఏడవగలిగాడేమో. నాకూ ఆ ఖైదీ ఎవరో ముందే తెలుసు.

తెర పడ్డాక స్కార్ఫ్ విప్పుకుని మెట్లు దిగాను. హోటల్‌కి దారి ఆ కంచు మనిషి పక్కనుంచే. కాసేపు ఆగాను. పొద్దుటినుంచీ నేను చేసిందీ అదేనని అప్పుడు తట్టింది. నిలబడి చూడటం.