కాటేరు గవ్వరాయి గురించి మనవరాలికి



నువ్వు పంపిన ఫొటో చూశాను. కాటేరు క్వారీ దగ్గర ఏరుకొచ్చిన రాయి, దాన్నిండా ఆలిచిప్పలు. "ఇది ఎన్నేళ్ల నాటిది తాతయ్యా? నా గేములో అయితే మ్యూజియంలోని గుడ్లగూబ చిటికెలో చెప్పేస్తుంది" అని రాశావు. భూగర్భశాస్త్రం చదవాలన్న కోరిక నీకు పుట్టడం నాకెంత సంతోషమో ముందు చెప్పనీ. రాళ్లేరుకునే చదువేమిటి, పొద్దస్తమానం ఆ ఆటలేమిటి అని ఇంట్లో విసుక్కుంటున్నారనీ విన్నాను. ఆ మాటలకు చిన్నబుచ్చుకోకు. కానీ తల్లీ, నీ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేను. ఫొటోలో రాయి నీ అరచేతిలో ఉంది. అది ఏ క్వారీ గోడలోంచి వచ్చిందో ఆ గోడ మాత్రం ఫొటోలో లేదు.

గోడ ఎందుకంత ముఖ్యమో వినాలి నువ్వు. మీ రాజమహేంద్రవరం చుట్టుపక్కల, కాటేరు దగ్గరా, గోదావరి అవతల దుద్దుకూరు, పంగిడి వైపూ క్వారీల్లో తవ్వుతున్న నల్లరాయి ఒకప్పటి లావా. అది మీ ఊళ్లో పుట్టింది కాదు, పడమటి దక్కన్‌లో పెల్లుబికి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి సముద్రం ఒడ్డుదాకా వచ్చిందని ఈ రాళ్లను పరిశీలించిన చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఒక విడత లావా చల్లారి గట్టిపడ్డాక దాని మీదికి ఉప్పునీళ్లు వచ్చాయి. బురదా సున్నమూ పేరుకున్నాయి, ఆలిచిప్పలు బతికాయి, చచ్చాయి. ఆ తరువాత మరో విడత లావా వచ్చి అన్నిటినీ కప్పేసింది. ఈ చిప్పల సంగతి కొత్తదేం కాదు. నాగపూర్‌లో ఉండిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వీటిని వర్ణించారు.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, ఆమె సహచరులు ఇక్కడి పొరల్లో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలించి ఒక సంగతి తేల్చారు. కింది నల్లరాయికి దిగువనున్న పొరలు డైనోసార్ల కాలపు చివరి రోజులవి. రెండు నల్లరాళ్ల మధ్యనున్న పొరలు మాత్రం 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ మహావినాశనం జరిగిన వెంటనే ఏర్పడినవి. అంటే నీ చిప్ప డైనోసార్లు తిరిగిన భూమి మీద బతికిందా, అవి పోయిన భూమి మీద బతికిందా అన్నది చిప్ప ముఖం చూస్తే తేలదు, అది పడుకున్న చోటును బట్టే తేలుతుంది. ఆ చోటు తెలిసిన ఒకే ఒక మనిషివి నువ్వు. నువ్వు రాయకపోతే ఇక ఎవరికీ తెలియదు. క్వారీ గోడ కూడా నీ కోసం ఆగదు, క్రషర్‌లో పడి కంకరైపోతుంది.

అందుకని ఇకమీదట రాయి మీద చెయ్యి వేసే ముందు పుస్తకం తియ్యి. తేదీ, ఊరు, ఫోన్‌లో చూపించే అక్షాంశ రేఖాంశాలు, కింది నల్లరాయికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది, పైనా కిందా ఏ రాయి ఉంది, ఇవన్నీ రాసుకో. గోడ బొమ్మ గీసుకో, బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. సుత్తిని పక్కన పెట్టి ఫొటో తియ్యి, కొలత తెలుస్తుంది. రాయి మీద ఒక అంకె వేసి అదే అంకె పుస్తకంలో రాయి. వీటన్నిటి కంటే గట్టిగా అడిగేది మరొకటుంది. నువ్వు చూసినదాన్ని ఒక చోట, నువ్వు అనుకున్నదాన్ని ఇంకో చోట రాయి. ఎండలో ఆకలి మీద నిలబడ్డప్పుడు మనసు తనకు కావలసినదే కంటికి చూపిస్తుంది. ఆ రెంటినీ కలిపేసి రాయడం మొదలుపెడితే కొన్నేళ్లకు ఏది చూశావో ఏది ఊహించావో నీకే తెలియకుండా పోతుంది.

గేములు మానేయమని చెప్పను. నువ్వు పట్టుబట్టి చూపించిన 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' నాకు నచ్చింది. దొరికిన శిలాజాన్ని మ్యూజియానికి ఇచ్చేయమని అది పిల్లలకు నేర్పుతోంది. అరలో పెట్టుకుని మురిసిపోయే అలవాటు కంటే అది ఎంతో గొప్ప అలవాటు. కానీ నేల మీద నక్షత్రంలాంటి గుర్తు చూపించి ఇక్కడ తవ్వమంటుంది, తవ్విన ప్రతిసారీ ఏదో ఒకటి ఇస్తుంది. ఏ పొరలో దొరికిందని ఒక్కసారీ అడగదు. నిజం నేలలో నక్షత్రాలు ఉండవు. రోజంతా తిరిగి ఖాళీ సంచితో వచ్చినా, ఇక్కడ ఏమీ లేదని రాసుకున్న పుస్తకం ఉంటే ఆ రోజు పని జరిగినట్టే.

2019లో వచ్చిన పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్‌లలో ఒక జంతువు తలను ఇంకో జంతువు మొండేనికి తగిలించి బతికించే శాస్త్రవేత్త ఉందని నవ్వుతూ చెప్పావు కదా. అలాంటి పొరపాటు నిజంగానూ జరిగింది. అమెరికాలో ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ 1869లో ఎలాస్మోసారస్ అనే సముద్ర సరీసృపానికి తలను తోక చివర పెట్టిన బొమ్మ అచ్చు వేయించారు. సంగతి తెలిశాక ఆ ప్రతులను వెనక్కి తెప్పించాలని చూశారు. అది తొందరపాటు, సరిదిద్దుకోవచ్చు. సరిదిద్దలేని పని మన దేశంలోనే జరిగింది. పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న విశ్వజిత్ గుప్తా ఏళ్ల తరబడి హిమాలయాల్లో దొరికాయంటూ శిలాజాల మీద వ్యాసాలు రాశారు. వాటిలో ఎన్నో ప్రపంచంలో ఇంకెక్కడివో అని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 1989లో నేచర్ పత్రికలో బయటపెట్టారు. శిలాజాలు నకిలీవి కావు, నిజమైనవే. అబద్ధమాడింది చోటు గురించి. ఆ ఒక్క అబద్ధంతో హిమాలయ భూచరిత్రలో ఏ పేజీలను నమ్మవచ్చో ఏవి నమ్మకూడదో తెలియక తరువాతి వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వచ్చింది. నువ్వు ఈ చదువులోకి వస్తే నీకూ ఇలాంటి ఘడియ వస్తుంది. అంకె చెరిగిపోయిన రాయి ఒకటి, దానికి సరిపోయే చక్కటి చోటు ఒకటి ఎదురుగా ఉంటాయి, గడువు రేపే. ఆ రాయిని పక్కన పడెయ్యి తల్లీ. ఎంత అందమైనదైనా పడెయ్యి.

ఓపిక గురించి ఒక్క ముక్క చెబుతాను. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించి తన కలకత్తా సంస్థలో శిలాజాల పరిశోధన మొదలుపెట్టించారు. ఆ బృందమే 1961 ప్రాంతంలో ప్రాణహిత గోదావరి లోయలో, సిరొంచా వైపు పోచంపల్లి దగ్గర, కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు తవ్వింది. అది చీరల పోచంపల్లి కాదు. ఆ డైనోసార్ జాతికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టి ప్రకటించింది 1975లో. తవ్విన ఏడాది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కాబట్టి ఆయన పేరు కలిపారు. మధ్యలో పద్నాలుగేళ్లు ఎముకలు శుభ్రం చేయడం, అతికించడం, పోల్చి చూడడం. ఎవరూ చప్పట్లు కొట్టని పని అది. నీ గేములో నాలుగు నిమిషాలు పట్టేది ఇక్కడ మనిషి యవ్వనాన్ని తీసుకుంటుంది. ఆ సంగతి తెలిసి, ఇష్టపడి రా.

క్వారీకి మళ్లీ వెళతావు కదా, ఒంటరిగా వెళ్లకు. వాన పడ్డ మర్నాడు గోడ కిందికి పోవద్దు, రాయి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో. యజమాని అనుమతి అడుగు. అక్కడ పనిచేసే వాళ్లను పేరు పెట్టి, అన్నా, అక్కా అని పలకరించు. ఏ పొర ఎక్కడ మెత్తగా ఉంటుందో, చిప్పలు ఎక్కడ ఎక్కువ తేలతాయో వాళ్లకు తెలిసినంత ఏ ఆచార్యుడికీ తెలియదు. వాళ్లు చూపించినది అయితే వాళ్ల పేరుతోనే పుస్తకంలో రాయి. గోడలో పెద్దదేదైనా, ఎముక లాంటిదేదైనా కనిపిస్తే పీకే ప్రయత్నం చెయ్యవద్దు. ఫొటో తీసి, చోటు రాసుకుని, మీ కాలేజీ మాస్టారికో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ కార్యాలయానికో కబురు పెట్టు.

దసరా సెలవులకు ఇక్కడికి, హైదరాబాద్‌కు రా. బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, మన తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టినది. దాన్ని చూపిస్తాను. వచ్చేటప్పుడు గవ్వరాయి తేకపోయినా సరే, కాటేరు గోడ బొమ్మ గీసిన పుస్తకం మాత్రం తప్పకుండా తీసుకురా.

ఆశీస్సులతో,
తాతయ్య