కరస్థలములో సెల్‌ఫోను

పటాన్‌చెరు, పాశమైలారము పారిశ్రామిక వాడలలో అనేక కర్మాగారములు మూడు షిఫ్టులు నడచును. సంగారెడ్డి నుండి ఉదయపు షిఫ్టునకు పోవు కార్మికుడు నాలుగున్నరకే లేవవలయును. అయినను రాత్రి పదింటికి పక్క చేరినవాడు అర్ధరాత్రి దాటువరకు సెల్‌ఫోనులో బొమ్మలు చూచుచునే యుండును. ఇల్లాలు కసరుకొన్నచో, “ఈ ఒక్క గంటయే కదా నాది!” అనును. ఈ మాటను త్రోసివేయుట తగదు. పగలంతయు యంత్రమునకును, సూపర్‌వైజరునకును, బస్సు ప్రయాణమునకును ఒప్పగించినవానికి తనదనదగిన కాలము రాత్రియే మిగిలినది. అలవాటు మానుమని బోధించు పెద్దలు ముందుగా దీనికి బదులు చెప్పవలయును.

అయితే ఆ గంట నిజముగా అతనిదేనా? 2006లో అజా రాస్కిన్ అను అమెరికా రూపకర్త, పుట ముగియకుండ క్రింది నుండి మరికొంత దానంతట అదే వచ్చు ఏర్పాటును కల్పించెను. తరువాత దానికి తానే చింతించెను. పురాణ కాలక్షేపమునకు మంగళమున్నది. సినిమాకు ‘శుభం’ ఉన్నది. ఆకాశవాణియు రాత్రి ప్రసారము ముగించి సెలవు తీసుకొనెడిది. ఫోనుకు మంగళము పాడువారు లేరు. చూపు ఎంతసేపు నిలిచిన, ప్రకటనల వలన సంస్థలకు అంత రాబడి. పగలు జీతమునకు పనిచేసినవాడు రాత్రి జీతము లేకయే మరియొకరికి పనిచేయుచున్నాడన్నమాట! బసవేశ్వరుడు గౌరవించిన కాయకము ఇది కాదు. దీనివలన ఇంటికి గింజ రాదు, దాసోహమునకు పిడికెడు మిగులదు.

చీకటి పడగా మెదడులో మెలటోనిన్ అను ద్రవ్యము స్రవించి దేహమును నిద్రకు సిద్ధపరచును. తెరలోని నీలికాంతి దానిని జాగు చేయును. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 12 మంది కొన్ని రాత్రులు వెలుగు తెరపైనను, కొన్ని రాత్రులు అచ్చు పుస్తకములోను చదివిరి. తెరపై చదివిన రాత్రులలో నిద్ర సుమారు 10 నిమిషములు ఆలస్యముగా పట్టెను; మరునాటి ఉదయము మందకొడితనము హెచ్చెను. పది నిమిషములే కదా యందురేమో! నిజమునకు కాంతికంటె ముగింపు లేమియే పెద్ద దోషము.

ఇష్టలింగమును ఎడమ అరచేత నిలిపి దానిపై దృష్టి యుంచుట వీరశైవులకు నిత్యకృత్యము. చెదరిన చూపును ఒకచోటికి తెచ్చుటకే ఆ కరస్థలము. అదే అరచేత నేడు వెలుగుచున్న మరియొకటి చూపును క్షణమైన నిలువనీయదు. పూజ తొందరగా ముగించి ఫోను తీరికగా చూచు ఇండ్లు లేవా?

ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కార్మికుడు గదిలో పండుకొని, ఊరిలోని బిడ్డ మొగము చూచుచు మాటలాడుట ఈ దోషములో చేరదు. ఆ మాటకు ముగింపు కలదు. పిమ్మట మనసు కుదుటపడును.

ఒట్టు పెట్టుకొన్నంత మాత్రమున అలవాటు పోదు. ఒట్టు పెట్టిన రాత్రియే చేయి తలగడ క్రిందికి పోవును. ఫోను చేతికి అందని చోట ఉండవలయును. అలారము అందులోనే ఉన్నదనువారికి చిన్న గడియారము చౌకగానే దొరకును. కర్మాగారము నుండి పిలుపు వచ్చునను భయమున్నచో ధ్వని పెంచి, ముందరి గది గూటిలో చార్జింగునకు పెట్టవచ్చును. తండ్రి ఫోను గూటికి చేరనిచో కుమారుని ఫోను చేరదు.

ఇక అతడు తనదని కోరిన గంటను ఇంటివారు పగటివేళనే ఇయ్యవలయును. డ్యూటీ దిగి వచ్చినవాని ముందు ఫీజుల లెక్కలు పరచక, అర్ధగంట అరుగుమీద ఊరక కూర్చుండనీయవలయును. ఇల్లాలికిని అట్టి అర్ధగంట కావలయును; అంట్లు తోమిన పిదప ఆమె చేతికి వచ్చుచున్నదియు ఆ ఫోనే.