గడ్డకట్టే చలిలో దేవుని ఏర్పాటు



డిసెంబరు వచ్చిందంటే మన గవర్నర్‌పేటలో తెల్లవారుజామున టీ కొట్ల దగ్గర మంకీ క్యాపులు కనిపిస్తాయి. 18 డిగ్రీలకే మనం వణికిపోతాం. మన రాష్ట్రంలోనే ఉన్న లంబసింగిలో అయితే కొన్ని రోజులు సున్నా దగ్గరకు పడిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. 147వ కీర్తన రాసిన భక్తుడు కూడా మంచును, వడగండ్లను తలచుకుని, దేవుడు పంపే చలి ముందు మనిషి ఎంత బలహీనుడో గుర్తుచేసుకున్నాడు.

మరి స్వెటర్ లేని జీవులు ఎలా బతుకుతున్నాయి? వీడియోలో సమయం చాలక చెప్పలేకపోయినవి ఇక్కడ చెబుతాను.

అంటార్కిటికా సముద్రం నీళ్లు మైనస్ 1.9 డిగ్రీల దాకా చల్లబడతాయి. మామూలు చేప రక్తం అంతకంటే ముందే గడ్డకట్టాలి. కానీ అక్కడి చేపల రక్తంలో ఒక రకం ప్రోటీన్ ఉంటుంది. చిన్న మంచు రవ్వ ఏర్పడగానే దానికి అంటుకుని, అది పెరగకుండా ఆపేస్తుంది. అలాస్కా అడవుల్లో ఒక కప్ప ఉంది. దాని ఒంట్లో నీళ్లు మూడింట రెండు వంతులు గడ్డకట్టినా, ఊపిరి, గుండె ఆగిపోయినా, కాలేయం వదిలిన చక్కెర కణాలను కాపాడుతుంది. వసంతకాలం రాగానే గుండె మళ్లీ కొట్టుకుంటుంది. దీన్ని పునరుత్థానం అనకండి, ఆ కప్ప చనిపోలేదు. దేవుడు దాన్ని అలా చేశాడు, అంతే.

మనం బీసెంట్ రోడ్డులో కొనుక్కునే ఆపిల్ కూడా చలి ఫలమే. శీతాకాలంలో వందల గంటలు చలిలో నిలబడితేనే ఆ చెట్టు మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. ఆ చెట్టుకు చలి కూడా అవసరమే.

ఈ మాటలు చెప్పినప్పుడు మా కూడికలో ఒక తమ్ముడు లేచి, "అన్నా, చేపకు అంత ఏర్పాటు చేసిన దేవుడు, చలికి చనిపోయే మనుషులకు ఎందుకు చేయలేదు?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చలికి చనిపోయే పక్షులు కూడా ఉన్నాయి. పిచ్చుక రాలదని యేసుప్రభువు చెప్పలేదు. రాలినా తండ్రికి తెలియకుండా రాలదన్నాడు. కాబట్టి దేవుణ్ణి నమ్మితే చలి తగలదని నేను మీకు చెప్పను.

కానీ ఎంపరర్ పెంగ్విన్ల సంగతి చూడండి. మగ పెంగ్విన్ గుడ్డును కాళ్లమీద పెట్టుకుని, తిండి లేకుండా, సుమారు 65 రోజులు నిలబడుతుంది. మైనస్ 40 డిగ్రీల గాలిలో అది ఒక్కటే ఉంటే తట్టుకోలేదు. అందుకే వేలకొద్దీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. గుంపు మెల్లగా కదులుతూనే ఉంటుంది. అంచున ఉన్నవి లోపలికి వస్తాయి, లోపల వెచ్చబడ్డవి అంచుకు వెళ్తాయి.

ఆ తమ్ముడికి నా జవాబు ఇదే. చేపకు దేవుడు రక్తంలో ఏర్పాటు చేశాడు. మనిషికి పక్కవాడిని ఇచ్చాడు. ఒకడు చలికి చనిపోతే, దేవుడి ఏర్పాటు లేదని కాదు, ఆ ఏర్పాటైన మనం ఇంట్లో తలుపేసుకుని పడుకున్నాం. మత్తయి 25లో ప్రభువు, బట్టలు లేనివాడికి ఇస్తే నాకే ఇచ్చినట్టు అన్నది మనకే. ఆయన పుట్టిన రాత్రి కూడా సత్రంలో చోటు దొరకలేదు కదా.

ఈ క్రిస్మస్‌కి కొత్తబట్టలు కొనుక్కుని ఏలూరు రోడ్డు మీదుగా వచ్చేటప్పుడు, మూసిన షాపుల మెట్లమీద ముడుచుకుని పడుకున్నవాళ్లను చూడండి. బండి ఆపండి. ఒక దుప్పటి ఇచ్చి, పేరు అడిగి, రెండు మాటలు మాట్లాడండి. లోపల వెచ్చగా ఉన్నవాళ్లం ఇప్పుడు కాసేపు అంచున నిలబడదాం.

ప్రార్థన: తండ్రీ, మాకిచ్చిన వెచ్చదనానికి స్తోత్రం. దాన్ని మాలోనే దాచుకున్నందుకు క్షమించు. ఈ చలిలో ఒక్కరికైనా నీ ఏర్పాటుగా మమ్మల్ని వాడుకో. యేసు నామంలో, ఆమేన్.