ఏకలవ్యుడి కథలో కుక్క

“బాబూ, రాత్రి పాప మూడుసార్లు ఉలిక్కిపడి లేచింది. మీ కుక్క సంగతి కాస్త చూడండి.”

లిఫ్ట్‌లో కింది ఫ్లాట్ ఆంటీ అన్న మాట ఇది. గట్టిగా అనలేదు. అని ఉంటే నాకే సులువుగా ఉండేది, నేనూ ఏదో ఒకటి అనేసేవాణ్ణి. పాప ఆవిడ మనవరాలు, అప్పటికి మూడో నెల.

మా బుజ్జి బీగిల్. ఫోటోలో ఆ చెవులు చూసి తెచ్చుకున్నాం. ఆ చెవుల వెనక ఏముందో తర్వాత చదివాను. ఇంగ్లండ్‌లో కుందేళ్ళ వేట కోసం తరతరాలుగా ఎంచి పెంచిన జాతి ఇది. కుక్కలు గుంపుగా వాసన పట్టుకుని ముందు పరిగెడతాయి, మనుషులు వెనక నడుస్తారు. పొదల్లో కుక్క కనబడదు కాబట్టి, జాడ దొరికిందని అది గొంతెత్తి చెప్పాలి. అంటే ఆ అరుపు మనుషులు కావాలని పెంచుకున్నదే.

ఏడో అంతస్తులో కుందేళ్ళు లేవు. తలుపు కింద సందులోంచి వచ్చే పక్కింటివాళ్ళ బిర్యానీ వాసన ఉంది, కారిడార్‌లో తిరిగే పిల్లి ఉంది. దానికి జాడ దొరుకుతుంది, చెప్తుంది. మేం విసుక్కుంటాం.

ఆన్‌లైన్‌లో ఒక పట్టీ కొన్నాను. కుక్క మొరిగితే గొంతు అదురుని పసిగట్టి చిన్న షాక్ ఇస్తుంది. ముందు నా చేతికి పెట్టుకుని చూశాను. భరించలేనిదేం కాదు, ‘ఇంతేగా’ అనుకున్నాను. నా తప్పంతా ఆ ‘ఇంతేగా’లో ఉంది. అది ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో నాకు తెలుసు. వద్దనుకుంటే తీసేయగలను. బుజ్జికి ఈ మూడూ లేవు.

పట్టీ చూడగానే బుజ్జి తోకూపుకుంటూ వచ్చి మెడ చాచింది. దానికి పట్టీ అంటే షికారు. రెండుసార్లు షాక్ తగిలింది. మూడోసారి లిఫ్ట్ చప్పుడుకి లేచి తలుపు దాకా వెళ్ళి, వాసన చూడకుండానే వెనక్కొచ్చి మంచం కింద దూరింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పట్టీ తీసేశాను. కాసేపటికి వచ్చి నా కాళ్ళ దగ్గరే పడుకుంది.

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కుక్క జాతి బీగిలే. చిన్నగా ఉంటుంది, సాధువు, నొప్పి పెట్టిన చేతి దగ్గరికే మళ్ళీ వస్తుంది. 2022లో అమెరికాలోని వర్జీనియాలో, ప్రయోగశాలల కోసం వాటిని పెంచే ఒక కేంద్రం నుంచి దాదాపు 4000 బీగిల్స్‌ని బయటికి తెచ్చి పెంపకానికిచ్చారు. ల్యాబ్ వాళ్ళు ఏ గుణం చూసి వాటిని ఎంచుకున్నారో, నేనూ అదే గుణం చూసి ఇంటికి తెచ్చుకున్నాను. ఇది తట్టినప్పుడు సిగ్గేసింది.

అప్పుడే మహాభారతంలోని ఒక కుక్క గుర్తొచ్చింది. ఏకలవ్యుడి కథ అంటే మనకి బొటనవేలే గుర్తుంటుంది. దానికి ముందు పాండవుల వేటకుక్క ఒకటి అడవిలో అతన్ని చూసి మొరుగుతుంది. అతను దాని నోట్లోకి ఏడు బాణాలు వేస్తాడు. ఏకలవ్యుణ్ణి నేను పెద్దగా తప్పు పట్టలేను. తన చోట తన సాధన చేసుకుంటున్నాడు, ఆ కుక్కని అతను తెచ్చుకోలేదు. తెచ్చినవాళ్ళు పాండవులు. బాణాలతో తిరిగొచ్చిన కుక్కని చూసి వాళ్ళు ఆశ్చర్యపోయింది విలుకాడి నేర్పుకి. నేనూ ఆ పట్టీకి ఐదు నక్షత్రాల రివ్యూలు చదివే కొన్నాను.

అలాగని ‘అది కుక్క నైజం, సర్దుకోండి’ అని ఆంటీతో అనలేను. పాప నిద్ర కూడా నిజమే. ఒక ప్రాణిని తెచ్చుకుంటే దాని నైజం ఖరీదు కూడా మనదే. దాన్ని పక్కింటివాళ్ళ మీద వేయకూడదు, ఆ ప్రాణి మీదా వేయకూడదు. హద్దు పెట్టడం వేరు, నోరు మూయించడం వేరు. హద్దు పెట్టాలంటే ఆ నైజానికి వేరే దారి చూపించాలి.

ఆ దారి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో బీగిల్స్‌ని పనిలో పెట్టింది. మనవాళ్ళ సూట్‌కేసుల్లో మామిడిపళ్ళనీ, కరివేపాకునీ పట్టేవి ఇవే. వాసన తగలగానే అరవవు, ఆ పెట్టె పక్కన కూర్చుంటాయి. ముక్కుకి పని దొరికింది, చెప్పడానికి ఇంకో పద్ధతి దొరికింది.

ఇప్పుడు పొద్దున్నే గంటసేపు బుజ్జి ముందు, నేను వెనక. ప్రతి చెట్టు దగ్గరా ఆగుతాం. తాడు మాత్రం వదలను, జాడ దొరికితే దానికి కార్లు కనబడవు. సాయంత్రం పాత తువ్వాళ్ళలో తిండి చుట్టి ఇల్లంతా దాస్తాను, వెతుక్కుంటుంది. దాని పరుపు తలుపు దగ్గర్నించి లోపలి గదిలోకి మార్చాను. డెలివరీవాళ్ళని బెల్ కొట్టొద్దని అడుగుతున్నాను. నా నిద్రలో గంట తగ్గింది. ఆ గంట ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే.

మొన్న లిఫ్ట్‌లో ఆంటీ, “నిన్న ఒక్కసారే లేచింది బాబూ” అన్నారు.

ఆ ఒక్కసారి ఇంకా నా బాకీయే.