మానులోని మేకు

ఊరి పొలిమేరనో, కాలువగట్టు వెంబడినో రేకుల కప్పు క్రింద నడచెడి చిన్న కోతమిల్లులో పనివారు భయపడునది పెద్ద దుంగకును గాదు, గట్టి కలపకును గాదు. దుంగ కడుపులో కనబడక దాగియున్న యినుమునకు. నల్లతుమ్మ యెంత చేవదేరినదైనను, చింతమొద్దు ఎంత మొండిదైనను రంపమునకు లొంగక తప్పదు. ఆలస్యమగును, పళ్లు మొక్కవోవును, ఆకురాయి పట్టి మరల పదును పెట్టుకొందురు. కాని యెన్నడో యెవడో కొట్టి మరచిన మేకొకటి పరుగెత్తుచున్న పట్టీరంపమునకు అడ్డము వచ్చినచో, క్షణములో చెవులు చిల్లులుపడు కీచుధ్వనియు, నిప్పురవ్వలును, విరిగి యెగిరెడి పళ్లును. వేళ బాగుండనిచో పట్టీయే తెగి బయటకు విసరివేయబడును. అప్పుడు ఎదుట నిలిచినవాని సంగతి చెప్పనక్కరలేదు.

అడవిలో పెరిగి అడవిలోనే కూలిన మానులో ఈ ప్రమాదము అరుదు. ఇనుముండునది ఊరిచెట్టులో, అది మనుష్యుల నడుమ బ్రతికినది గనుక. లాంతరు తగిలించుటకు కొట్టిన కొక్కెము, బట్టలారవేయు తీగకు కొట్టిన మేకు, దూడను గట్టుటకు దిగగొట్టిన కడియము, పెరటి దడికి స్తంభము దొరకక చెట్టుకే బిగించిన ముళ్లతీగ, సినిమా ప్రకటనలకును ట్యూషను బోర్డులకును దారిపక్క చెట్లు మోసిన సీలలు, ఇవి యన్నియు నొక యెత్తు. భూతవైద్యుడు దయ్యమును బంధించెదనని వెండ్రుకల పాయతో జేర్చి చింతమాను మొదట కొట్టిన మేకు మరియొక యెత్తు. దయ్యము మాట యెట్లున్నను, ఆ మేకు మాత్రము ముప్పది నలువది యేండ్లకు మిల్లులో బయటపడి నిజముగనే యొకనిని పట్టి పీడించును.

చెట్టు ఎత్తు పెరుగుట కొమ్మల కొసలయందే; బోదె పెరుగుట చుట్టుకొలతలో మాత్రమే. అందుచేత మనిషి ఛాతీయెత్తున కొట్టిన మేకు నూరేండ్లకును ఆ యెత్తుననే యుండును గాని పైకి పోదు. బెరడు క్రిందనుండు సన్నని పెరుగుపొర యేటేట నొక వలయమును బయటివైపు చేర్చుచు దానిని లోపల కప్పివేయును. కోతవారు మొదలుదుంగను అనుమానించినట్లు కొసదుంగను అనుమానింపకుండుటకు కారణమిదియే. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో యను శాస్త్రజ్ఞుడు అసంఖ్యాకములైన చెట్లను నిలువున కోసి చూచి, చెట్టు గాయమును మాన్పుకొనదనియు, చెడిన భాగము చుట్టును గోడలు గట్టి దానిని వేరుపరచి, ఆ పైని క్రొత్త దేహమును పెంచుకొనుననియు నిరూపించెను. 1977లో ఆయన ప్రకటించిన ఈ సిద్ధాంతమే నేటి వృక్షవైద్యమునకు పునాది. జంతుదేహము చెడిన కణములను తొలగించి వాని స్థానమున క్రొత్తవానిని నిలుపును. చెట్టు దేనినియు తొలగింపదు. తనకు జరిగినదంతయు, జరిగినచోటనే, జరిగిన యేటి వలయముననే దానిలో నుండును. వృక్షములు లోపల చైతన్యము గలవియై సుఖదుఃఖముల నెరుగునని మనుస్మృతి చెప్పినమాట నిజమైనచో, మేకు మొదట బాధించినది కోతగానిని గాదు, చెట్టునే.

ఇట్లు దాగిన యినుము ఒక్కొక్కప్పుడు తన జాడను తానే చెప్పును. కలపలోని వగరు తుప్పుతో గలసి నీలినలుపు చారలుగ నార వెంబడి ప్రాకును. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసినదియు, కరక్కాయనీట ముంచిన గుడ్డమీద, బెల్లపునీట తుప్పుపట్టిన యినుమును ఊరవేసిన ద్రవముతో శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు నల్లరంగు వేయునదియు ఈ రసాయనమువలననే. కోసిన ముఖమున ఆ నలుపు కనబడినచో అనుభవము గలవాడు రంపము నాపించును. అయితే ప్రతి దుంగయు ఇంత దయతో ముందు హెచ్చరింపదు.

మేకు తగిలి చేయి తెగినవాడును, క్రొత్త పట్టీ కొనుటలో నెల రాబడిని పోగొట్టుకొన్న మిల్లు యజమానియు అడుగుమాట యొక్కటే: నేనేమి చేసితిని? ఈ మాట మన దర్శనములలో చాల పాతది. చేసినదాని ఫలము చేసినవానికి దక్కకపోవుట కృతహాని. చేయనిదాని ఫలము చేయనివానిమీద వచ్చిపడుట అకృతాభ్యాగమము. ఏ సిద్ధాంతమున ఈ రెండును సంభవించునో ఆ సిద్ధాంతము త్యాజ్యమని వైదికులును జైనులును, ముఖ్యముగ క్షణభంగవాదులైన బౌద్ధులమీద, పలుమార్లు వాదించిరి. కోతమిల్లులో ఈ రెండు దోషములును ప్రత్యక్షముగ కనబడుచున్నవి. కొట్టినవాడు ఆ లాంతరు వెలుగున భోజనములు చేసి, ఆయువు నిండి పోయెను. రంపము పట్టినవాడు ఆనాటికి పుట్టియైన నుండడు.

కణాదుని వైశేషికసూత్రములలో అయిదవ యధ్యాయమును చదువునప్పుడు నాకు ఈ మిల్లు తరచు స్ఫురించును. అయస్కాంతమువైపు సూది కదలుటకును, చెట్టులో నీరు వేళ్లనుండి పైకి ప్రాకుటకును హేతువు అదృష్టమని ఆ ఋషి చెప్పెను. అనగా ఇనుమును చెట్టును ఒక్క యధ్యాయముననే కనబడని కారణమునకు అప్పగించెను. ఆ రెండు కదలికలకును నేడు కారణములు తెలిసినవి. అయస్కాంతశక్తిని గూర్చిన యెరుకతోనే చేసిన లోహశోధకయంత్రమును దుంగవెంట నడిపి, పలికినచోట సుద్దతో గురుతుపెట్టి, ఉలితో త్రవ్వి మేకును తీయు మిల్లులున్నవి. ఆ యంత్రము చెట్టు మింగిన పింగాణీ గుబ్బను గాని రాతిముక్కను గాని పట్టజాలదు, అది వేరుమాట. నేను చెప్పదలచినది, మేకు ఎచ్చటనున్నదో చెప్పగలిగిన యంత్రము ఈ మనిషికే యేల తగిలెనో చెప్పలేదని. సూది విషయమున తీరిన అదృష్టము మనిషి విషయమున తీరలేదు.

కర్మ క్షణికము, ఫలము కాలాంతరభావి. యజ్ఞము నేడు ముగియును, స్వర్గము ఎన్నడో లభించును. నడుమ కాలమున ఆ యజ్ఞము ఏ రూపమున నిలిచియుండునని ప్రశ్నించుకొని మీమాంసకులు అపూర్వమను శక్తి నంగీకరించిరి. మేకు నా దృష్టికి పట్టకారుతో పట్టి చూపదగిన యపూర్వము. కొట్టుట యను క్రియ అరనిమిషములో ముగిసెను. దాని శేషము వలయముపై వలయము గప్పుకొని, ఫలకాలము వచ్చువరకు చెడక యుండెను. అయితే ఈ శేషమునకు ఆశ్రయమేది? న్యాయకుసుమాంజలి ప్రథమస్తబకమున ఉదయనాచార్యుడు ఈ ప్రశ్ననే విచారించెను. చిరకాలము క్రిందట నశించిన కర్మ ఏదో యొక అతిశయము లేక ఫలింపజాలదని యొప్పుకొనుచునే, ఆ యతిశయము భోగ్యవస్తువులలో నున్నదనుట కుదరదనియు, వస్తువు అందరికిని సమానము గనుక అట్లయినచో ఈ సుఖము వీనిదే, ఈ దుఃఖము వానిదే యను వ్యవస్థ చెడుననియు, కావున అది చేసినవాని యాత్మయందే యుండవలెననియు ఆయన వాదము. వాదముగ దీనిలో లోపము పట్టుట కష్టము. కాని కోతమిల్లులో నిలిచి చదివినచో, ఆయన దోషముగ చూపిన పక్షమే యెదుట జరుగుచున్నట్లుండును: శేషము వస్తువులోనే యున్నది, వ్యవస్థ నిజముగనే చెడినది, ఎవడు రంపము నడిపిన వానికే తగులుచున్నది.

ఇందుకు సంప్రదాయజ్ఞుల ప్రత్యుత్తరము తెలియనిది కాదు. మేకు నిమిత్తమాత్రము, కోతగాని ప్రారబ్ధమే వానిని ఆ దినమున ఆ దుంగయెదుట నిలిపినది, ఈశ్వరునకు వైషమ్యనైర్ఘృణ్యములు, అనగా పక్షపాతమును నిర్దయయు, లేవని బ్రహ్మసూత్రభాష్యమున శంకరులు నిర్ణయించినది ఈ మార్గముననే. ఈ యుత్తరమును ఖండింపలేము. ఖండింపలేకపోవుటయే దానియందలి కొరత యని నాకు తోచును. ఏ దుఃఖమునకైనను సరిపోవు సమాధానము ఏ దుఃఖమును గూర్చియు ప్రత్యేకముగ నేమియు చెప్పదు. వ్రేళ్లు పోయినవాని మంచముప్రక్కన గూర్చుండి, ఇది నీ పూర్వజన్మకృతమని యోదార్చువాడు, తానెరుగకయే, మేకు కొట్టినవానిని లోకమునుండి తుడిచివేయుచున్నాడు. తగులవలసినవానికే తగులునన్నచో, దారిపక్క చెట్టుకు సీలలు కొట్టువానిని వలదని వారించుటకు మనకు హేతువేమి మిగులును? కొట్టినవానికి వాని పాపము వేరుగ లెక్కకు వచ్చుననవచ్చును. అది లాంతరు తగిలించుకొన్నవానికి చెల్లదు. వాడేమి పాపము చేసెను?

చేతనయే కర్మయని బుద్ధుడు బోధించెను. జైనులు దీనికి సమ్మతింపక, ఉద్దేశము లేని హింసయు హింసయే యని పట్టుబట్టిరి. సూత్రకృతాంగమున బౌద్ధుల యీ మతమును పరిహసించిన ఘట్టము కలదు. ఈ వివాదమును కోతమిల్లుకడనే పరీక్షింపవచ్చును. 1987 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, క్లోవర్‌డేల్ యను ఊరి కోతమిల్లులో, దుంగలోని పెద్ద మేకు తగిలి పట్టీరంపము తెగి యొక పనివాని దవుడ విరుగగొట్టెను. అడవుల నరకువారిని బెదరించుటకై చెట్లకు మేకులు కొట్టుట అప్పటికే ఆ దేశమున నుండెను. ఈ మేకు కొట్టినదెవరో తేలలేదు. మరుసటి యేడే ఈ పని అక్కడి కేంద్రశాసనమున నేరమయ్యెను. నేరమగుట న్యాయమే, కొట్టినవాని యుద్దేశమును విచారించుట న్యాయస్థానమునకు విధి. కాని ఉద్దేశము మనస్సులో మిగిలినది, ఇనుము చెట్టులో మిగిలినది. వెలుగుకొరకు కొట్టినదానికిని, గాయముకొరకు కొట్టినదానికిని రంపముకడ భేదము లేదు. కర్మసిద్ధాంతము ఎంత సూక్ష్మమైనదైనను కర్తను విడిచి వస్తువుననుసరించు ఈ ఫలమును కొలుచుటకు తగిన మానము కాదని నేను తలచుటకు ఇది కారణము.

మన శాస్త్రములలోనే మరియొక మానము కలదు. అది ఋణము. బ్రాహ్మణుడు పుట్టుటతోడనే ఋషులకును, దేవతలకును, పితరులకును ఋణపడి పుట్టునని తైత్తిరీయసంహిత చెప్పును. ఏ తప్పును చేయకమునుపే బాధ్యత వచ్చి చేరినది. వ్యవహారకాండమున ఇది మరింత స్పష్టము. తండ్రి తీర్పకపోయిన యప్పును కొడుకులును మనుమలును తీర్పవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఆ యప్పు చేసినందుకు కొడుకును దోషియనలేదు. నేను పాపినా యని యడుగువానికి కర్మవాది అవుననవలసివచ్చును. స్మృతికారుడు, కావు, అయినను ఇయ్యవలసినది నీవే యనును. దుంగలోని మేకునకు ఈ రెండవ మాటయే సరిపోవునని నా యభిప్రాయము. చిన్న మిల్లులు చాలవరకు ఈ ధర్మమునే అనుసరించును: ఇనుము తగిలినచో పట్టీ ఖర్చు దుంగ తెచ్చినవానిది. కొట్టినదెవరని విచారింపరు; పూర్వజన్మను ప్రస్తావింపరు. దుంగ తెచ్చినవాడు ఆ పెరడును ఎవరివద్దనో కొన్నవాడైయుండవచ్చును, మేకు సంగతి వానికిని తెలియకపోవచ్చును. అందుచేత ఇది సంపూర్ణన్యాయము కాదు. అయినను గాయపడినవానిని దోషిగ నిలుపదు గనుక నాకు ప్రారబ్ధవాదముకంటె మర్యాదగ కనబడును.

ఈ సాదృశ్యము కొసవరకు నడువదు. కల్లునకును జూదమునకును చేసిన యప్పును కొడుకు తీర్పనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయించెను. రంపమునకు అట్టి మినహాయింపు లేదు. కొడుకు వడ్డీతో నీయవలెననియు, మనుమడు మూలమునే యీయవలెననియు, ముని మనుమనికి ఆ భారము లేదనియు బృహస్పతి హద్దు పెట్టెను. చెట్టు ఈ హద్దు నెరుగదు. ఫ్రాన్సు తూర్పుభాగమున వోజ్ కొండలలోను ఆర్గోన్ అడవులలోను, 1914–18 యుద్ధమున ఫిరంగిగుండ్లకు నిలిచి బ్రతికిన చెట్లు దేహమునిండ నుక్కుతునుకలతో నేటికిని మిల్లులకు వచ్చుచున్నవి. అట్టి కలపను కొందరు కోతవారు కొననే కొనరు, కొనువారు ధర తగ్గించి, శోధకయంత్రముతో జూచి, మెల్లగ కోయుదురు. తరములు లెక్కించినచో వారు ఆ సైనికుల మునిమనుమలు. బృహస్పతి మతమున వారు చెల్లింపవలసినది ఏమియు లేదు. చెల్లించుచున్నారు.